కంచంలో ఎడమ సగం మిగిలిపోతే: పక్షవాతం తర్వాత మెదడుకు ఇచ్చే ప్రేరణ చికిత్స



పక్షవాతం అనగానే మనకు పడిపోయిన చెయ్యి, ఈడ్చుకుంటూ వేసే కాలు, వంకరపోయిన మూతి గుర్తుకు వస్తాయి. ఫిజియోథెరపీ చేయిస్తాము, బి.పి. మాత్రలు వేయిస్తాము, నడక వచ్చిందంటే గండం గడిచిందనుకుంటాము. అయితే కొందరు రోగుల్లో పైకి కనిపించని మరొక నష్టం ఉంటుంది. తన ఎడమ పక్కన ఒక లోకం ఉందన్న ఎరుకే వారికి పోతుంది. డాక్టర్లు దీనిని స్పేషియల్ నెగ్లెక్ట్ అంటారు. మెదడుకు అయస్కాంతం ద్వారా గాని, సన్నని కరెంటు ద్వారా గాని ప్రేరణ ఇచ్చి దీనిని తగ్గించవచ్చని ఈమధ్య చాలామంది విని మమ్మల్ని అడుగుతున్నారు. హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో ఉద్యోగాలు చేసే పిల్లలు ఇంటర్నెట్‌లో చదివి, "నాన్నకు ఇది చేయిస్తే బాగవుతుందా సిస్టర్?" అంటున్నారు. ఈ పాఠంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకుందాము.

ఇంట్లో ఇది ఎలా కనిపిస్తుంది?

కంచంలో కుడి సగం తినేసి, ఎడమ వైపున్న కూర, పచ్చడి ముట్టుకోకుండా, "ఇంకాస్త కూర వెయ్యమ్మా" అంటారు. గడ్డం కుడి చెంపకే గీసుకుంటారు. చొక్కా కుడి చేతికి తొడుక్కుని ఎడమ చెయ్యి వదిలేస్తారు. నడిచేటప్పుడు ఎడమ భుజం తలుపుకు కొట్టుకుంటుంది. వీల్ చెయిర్‌కు కుడి బ్రేకు వేసి ఎడమ బ్రేకు మరచిపోతారు. కోడలు ఎడమ పక్కన నిలబడి, "మామయ్యగారూ, కాఫీ తెచ్చాను" అంటే పలకరు. అదే కోడలు కుడి పక్కకు వస్తే చక్కగా మాట్లాడతారు.

చదువులోను ఇంతే. తెలుగు ఎడమ నుండి కుడికి చదువుతాము గనుక, ఈ రోగులు పంక్తి మొదలు వదిలేసి మధ్య నుండి అందుకుంటారు. పాటల పుస్తకం చేతికిస్తే చరణం సగం నుండి చదివి, అర్థం కుదరక పుస్తకం మూసేస్తారు. ఉర్దూ కుడి నుండి ఎడమకు చదువుతారు గనుక, ఉర్దూ చదివే రోగికి పంక్తి చివర తప్పిపోతుంది. కంప్యూటర్ పని చేసే వయసువారికి ఇది వస్తే తెరపై ఎడమ వైపున్న గడులు, గుర్తులు కనబడవు. లెక్క తప్పినదని ఆఫీసువారు చెప్పేదాకా వారికి తెలియదు.

కళ్ళు బాగానే ఉన్నా ఎందుకు చూడరు?

నెగ్లెక్ట్ అన్న మాటకు తెలుగులో నిర్లక్ష్యం అని అర్థం. ఆ పేరు చూసి రోగిని నిందించరాదు. మనం ఎరిగిన నిర్లక్ష్యంలో మనిషికి విషయం తెలిసే ఉంటుంది, పట్టించుకోడు. ఇక్కడ విషయమే మెదడుకు అందదు.

దీనిని బాగా చూపిన పరీక్ష ఇటలీ దేశంలోని మిలాన్ నగరంలో జరిగింది. 1978లో బిసియాక్, లుజ్జాటి అనే ఇద్దరు పరిశోధకులు ఈ జబ్బు గల ఇద్దరు రోగులను, వారికి బాగా తెలిసిన పెద్ద చర్చి ముందరి చౌకును మనసులో ఊహించుకోమన్నారు. చర్చికి ఎదురుగా నిలబడినట్టు ఊహించుకుంటే, కుడి పక్కనున్న భవనాల పేర్లే ఎక్కువగా చెప్పారు. తర్వాత చర్చి మెట్ల మీద నిలబడి చౌకు వైపు చూస్తున్నట్టు ఊహించమన్నారు. అప్పుడు ఇందాక వదిలేసిన భవనాలు వచ్చాయి, ఇందాక చెప్పినవి పోయాయి. జ్ఞాపకం చెక్కుచెదరలేదు. కళ్ళతో ఇందులో పనే లేదు. మనసులోని బొమ్మలో కూడా ఎడమ పక్క జారిపోయింది.

పక్షవాతం తర్వాత కొందరికి చూపులోనే ఒక సగం పోతుంది. అది వేరు. అలాంటివారు సాధారణంగా తమ లోపం త్వరగా గ్రహించి తల తిప్పి చూస్తారు. ఎరుక పోయినవారు తల తిప్పాలని కూడా అనుకోరు. కొందరిలో రెండూ కలిసి ఉండవచ్చును గనుక కంటి పరీక్ష కూడా చేయించాలి.

కావడి ఒక పక్కకు ఒరిగినట్టు

మెదడులో కుడి సగం, ఎడమ సగం ఉన్నాయి. ఎడమ సగం మన దృష్టిని కుడి పక్కకు లాగుతుంది. కుడి సగం ముఖ్యంగా ఎడమ పక్కను చూసుకుంటూ, కొంత కుడి పక్కను కూడా గమనిస్తుంది. అందుకే ఎడమ మెదడు దెబ్బతిన్నప్పుడు కుడి మెదడు కొంతవరకు కాచుకుంటుంది. కుడి మెదడు దెబ్బతింటే ఎడమ పక్కను చూసుకునే దిక్కు ఉండదు. 2021లో అనేక పరిశోధనలను కలిపి చూసిన ఒక సమీక్ష ప్రకారం, పక్షవాతం వచ్చినవారిలో సుమారు 30 శాతం మందికి ఈ ఎరుక లోపం ఉంది. కుడి మెదడు దెబ్బతిన్నవారిలో అది 38 శాతం, ఎడమ మెదడు దెబ్బతిన్నవారిలో 18 శాతం.

భుజాన కావడి మోసే మనిషిని తలచుకోండి. రెండు బిందెలు సమంగా ఉన్నంతసేపు కావడి తిన్నగా ఉంటుంది. ఒక బిందెలో నీళ్ళు కారిపోతే రెండవది కిందికి లాగేస్తుంది. మెదడు రెండు సగాలు కూడా ఒకదానినొకటి అదుపులో పెట్టుకుంటాయి. కుడి సగం బలహీనపడగానే ఎడమ సగానికి అదుపు తప్పి, చూపును, తలను, మనసును కుడి పక్కకే లాగుతుంది. కిన్స్‌బోర్న్ అనే డాక్టరు చెప్పిన ఈ వివరణ మీదనే ప్రేరణ చికిత్స చాలావరకు ఆధారపడింది.

దీనికి బలమిచ్చే ఒక విచిత్రమైన సంఘటన 1996లో వైద్య పత్రికలో వచ్చింది. కుడి మెదడులో పక్షవాతం వచ్చి ఎడమ పక్క ఎరుక కోల్పోయిన ఒక రోగికి, కొన్నాళ్ళకు ఎడమ మెదడులో రెండవసారి పక్షవాతం వచ్చింది. దానితో ఎరుక లోపం ఉన్నట్టుండి తొలగిపోయింది. బరువెక్కిన బిందె కూడా తేలికై కావడి సమమైందన్నమాట. రెండవ పక్షవాతం ఎవరూ కోరుకునేది కాదు. అయితే ఆ ఎడమ సగపు జోరును హాని లేకుండా, కొద్దిసేపు తగ్గించగలిగితే? అదే ఈ చికిత్స వెనుక ఆలోచన.

మన హైదరాబాదు నేర్పిన పాఠం

పక్షవాతాన్ని చేతులు, కాళ్ళతోనే కొలవరాదని మన నగరంలోనే ఒక పెద్ద పరిశోధన తెలియజేసింది. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, డాక్టర్ సుభాష్ కౌల్, వారి తోటివారు 608 మంది పక్షవాత రోగుల ఆలోచనాశక్తిని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. రెండు లేక అంతకంటె ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో 40.5 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగా ఉంది. ఒకే భాష మాట్లాడేవారిలో 19.6 శాతం మందికే అలా ఉంది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలిసి బ్రతికే ఊరు గనుక ఇక్కడ ఇది చూడగలిగారు.

ఈ పరిశోధన ఎరుక లోపం గురించి ప్రత్యేకంగా చేసినది కాదు. అయినా మనకు ఇందులో ఒక హెచ్చరిక ఉంది. ఎక్కువ భాషలు వచ్చినవారిలో కూడా సగానికి పైగా మందికి ఆలోచనలో ఏదో ఒక లోపం మిగిలింది. నడక వచ్చింది గదా అని ఇంటికి తీసుకువెళ్ళేముందు, "మా అమ్మకు ఎడమ పక్క ఎరుక ఉందో లేదో పరీక్ష చేశారా?" అని డాక్టరును అడగండి.

పరీక్ష ఎలా చేస్తారు?

పరీక్ష సులువే. కాగితంపై గీసిన గీతకు సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టమంటారు. ఎరుక లోపించినవారు బాగా కుడికి జరిగి పెడతారు. గడియారం బొమ్మ గీయమంటే అంకెలన్నీ కుడి సగంలోకి నెట్టేస్తారు. కాగితం నిండా ఉన్న చిన్న గీతలను కొట్టివేయమంటే ఎడమ వైపువి మిగిలిపోతాయి.

పెన్సిలు పట్టని పెద్దవారికి మరొక పద్ధతి ఉంది. స్వీడన్ దేశంలో 1996లో దీనిని రూపొందించారు. 16 దిమ్మెలు ఇచ్చి, పొయ్యిలో పెట్టే పళ్ళెంలో బన్నులు పేర్చినట్టు పలకంతా సమంగా పేర్చమంటారు. మన ఇంట్లో ఒక పెద్ద ట్రే, 16 చింతగింజలు ఉంటే చాలును. గింజలన్నీ కుడి పక్కనే చేరితే డాక్టరుకు చెప్పండి. ఇది అనుమానం తెలుసుకొనుటకే. జబ్బును నిర్ధారించవలసినది డాక్టరే.

ప్రేరణ చికిత్స అంటే ఏమిటి?

ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. రెండింటికీ కోత లేదు, మత్తుమందు లేదు.

మొదటిది అయస్కాంత ప్రేరణ. దీనిని టి.ఎమ్.ఎస్. అంటారు. ఇంగ్లాండులోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్, ఆయన సహచరులు 1985లో దీనిని మొదట చూపించారు. తీగ చుట్టను తలకు ఆనించి క్షణకాలం కరెంటు పంపితే అయస్కాంత శక్తి పుట్టి, పుర్రెను దాటి లోపలి నరాల కణాలను కదిలిస్తుంది. టక్ టక్ మని శబ్దం వస్తుంది, తలపై తట్టినట్టుంటుంది. వేగాన్ని, వరుసను బట్టి ఇది ఆ భాగపు పనిని పెంచనూ గలదు, తగ్గించనూ గలదు. ఎరుక లోపానికి ఎక్కువగా చేసేది, దెబ్బతినని ఎడమ మెదడు వెనుక పైభాగాన్ని కొంత నెమ్మది పరచడం. కావడిలో నిండుగా ఉన్న బిందెను కాస్త తేలిక చేయడమన్నమాట. "జబ్బు కుడి పక్కనుంటే ఎడమ పక్కకు చికిత్స చేస్తారేమిటి?" అని కుటుంబాలు కంగారుపడతాయి. కారణం ఇదే.

రెండవది సన్నని కరెంటు. దీనిని టి.డి.సి.ఎస్. అంటారు. ఉప్పునీటితో తడిపిన స్పాంజి పట్టీలను తలపై ఉంచి, సాధారణంగా 1 నుండి 2 మిల్లీ ఆంపియర్ల కరెంటును సుమారు 20 నిమిషాలు పంపుతారు. షాక్ ట్రీట్‌మెంట్‌తో దీనిని పోల్చకండి, ఇది చాలా తక్కువ శక్తి. చర్మం కాస్త చిమచిమలాడుతుంది, ఎర్రబడుతుంది. దెబ్బతిన్న కుడి సగాన్ని ఉత్సాహపరచుటకు గాని, ఎడమ సగాన్ని తగ్గించుటకు గాని దీనిని వాడి చూశారు.

ఫలితం ఎంతవరకు?

ఆశ కలిగించే సంగతులున్నాయి. స్విట్జర్లాండులోని బెర్న్ నగర పరిశోధకులు 2009లో ఒక విషయం చూపారు. తీటా బర్స్ట్ అనే వేగవంతమైన అయస్కాంత ప్రేరణను రెండు విడతలిస్తే మేలు సుమారు 8 గంటలుంది. నాలుగు విడతలిస్తే సుమారు 32 గంటలు నిలిచింది. వారే 2012లో 24 మంది రోగులపై చేసిన పరిశోధనలో రెండు రోజుల పాటు ఈ ప్రేరణ ఇస్తే, రోజువారీ పనుల్లో వచ్చిన మెరుగు మూడు వారాల తర్వాత కూడా కనిపించింది. అదే సంవత్సరం ఇటలీలో రెండు వారాల పాటు చేసిన ప్రేరణకు కూడా మంచి ఫలితం వచ్చింది.

అందరికీ ఒకే ఫలితం రాలేదన్నది కూడా నిజమే. బెర్న్ పరిశోధకులే 2019లో దీనికి ఒక కారణం చెప్పారు. మెదడు రెండు సగాలను కలిపే నరాల వంతెన చెక్కుచెదరనివారికి చికిత్స పనిచేసింది, ఆ వంతెన దెబ్బతిన్నవారికి అంతగా పనిచేయలేదు. కావడి కర్ర విరిగితే బిందె బరువు తగ్గించి ప్రయోజనమేమి?

2021లో కాక్రేన్ అనే అంతర్జాతీయ సమీక్షా సంస్థ, ఎరుక లోపానికి మందులు లేకుండా చేసే చికిత్సలన్నిటిపై 65 పరిశోధనలను, 1951 మంది రోగుల వివరాలను కలిపి పరిశీలించింది. ప్రేరణ చికిత్సతో సహా ఏ ఒక్క పద్ధతీ రోజువారీ జీవితంలో నిలిచే మేలు చేస్తుందని ఖచ్చితంగా చెప్పడానికి ఆధారం చాలదని తేల్చింది. పనిచేయదని దీని అర్థం కాదు. నమ్మకంగా చెప్పగలిగినంత పెద్ద పరిశోధనలు ఇంకా జరగలేదని అర్థం. అయస్కాంత ప్రేరణకు అమెరికాలో 2008లో అనుమతి వచ్చినది డిప్రెషన్ చికిత్స కొరకు. ఎరుక లోపానికి ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉన్నది.

కనుక "నాన్నకు చేయిస్తే బాగవుతుందా?" అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. కొందరికి సాయపడవచ్చును. అది కూడా తర్ఫీదుతో కలిపి చేస్తేనే. ప్రేరణ తలుపు కాస్త తెరుస్తుంది, లోపలికి నడిపించవలసినది రోజువారీ అభ్యాసమే. నగలు కుదువపెట్టి, ఫిజియోథెరపీ మానిపించి దీని వెనుక పరుగెత్తవద్దు.

జాగ్రత్తలు

తలలో లోహపు క్లిప్పులు, చెవి లోపల అమర్చిన వినికిడి పరికరం, పేస్‌మేకర్ ఉన్నవారు ముందుగా తప్పక చెప్పాలి. వీరిలో చాలామందికి ఈ చికిత్స పనికిరాదు. ఫిట్స్ వచ్చినవారు కూడా చెప్పాలి, ఎందుకంటే అయస్కాంత ప్రేరణలో అరుదుగా ఫిట్స్ రావచ్చును. మెదడు వాపుకు ఆపరేషన్ చేసి పుర్రె ఎముక తీసినవారిలో కరెంటు దారి మారిపోతుంది. ఆ సంగతి దాచవద్దు. ఫిట్స్ మాత్రలు సొంతంగా ఆపవద్దు. ఇంటర్నెట్‌లో అమ్మే కరెంటు పరికరాలు తెప్పించి ఇంట్లో తలకు పెట్టవద్దు. ఏ సగానికి, ఎక్కడ, ఎంత అన్నది తారుమారైతే ఒరిగిన కావడి మరింత ఒరగవచ్చును.

డబ్బు కట్టేముందు ఈ ప్రశ్నలు అడగండి: మా రోగికి ఎరుక లోపం పరీక్షలో తేలిందా? స్కానులో ఏ భాగం దెబ్బతిన్నది? ఎన్ని విడతలు, మొత్తం ఖర్చు ఎంత? దీనితో పాటు ఏ తర్ఫీదు ఇస్తారు? మెరుగును దేనితో కొలుస్తారు? ఇది పరిశోధనలో భాగమైతే ఎథిక్స్ కమిటీ అనుమతి, మా సమ్మతి పత్రం ఉన్నాయా?

ఇంట్లో ఈ రోజే మొదలుపెట్టదగినవి

1. మొదటి రోజుల్లో మంచినీళ్ళు, పిలుపు గంట, ఫోను కుడి పక్కనే ఉంచండి. అవి ప్రాణావసరాలు. మాటలు, టీవీ, కుటుంబపు ఫోటోలు మాత్రం కొంచెం కొంచెంగా ఎడమకు జరపండి.

2. ముందు కుడి పక్క నుండి పలకరించి, మాట్లాడుతూ నెమ్మదిగా ఎడమ పక్కకు రండి. రోగి చూపు మీ వెంట వస్తుంది.

3. భోజనంలో, "ఎడమ పక్క ఏముంది నాన్నా?" అని అడిగి తల తిప్పించండి. అలసిపోయిన రోజున కంచమే తిప్పి పెట్టండి. పస్తు ఉంచి నేర్పవద్దు.

4. పుస్తకంలో పేజీ ఎడమ అంచున ఎర్ర రిబ్బను పెట్టండి. ఎర్రది కనబడేవరకు వెనక్కి చూసి, అప్పుడు పంక్తి మొదలుపెట్టమనండి.

5. ఎడమ చెయ్యి కొద్దిగా కదిలినా దానిని ఎడమ పక్కనే కదిలించే పని ఇవ్వండి. కదలని చేతిని దిండుపై ఉంచండి. ఆ చేతిని పట్టుకుని లాగి లేపరాదు, భుజం జారుతుంది. వీల్ చెయిర్ చక్రంలో వేళ్ళు పడకుండా చూడండి.

6. వేడి పాత్రలు, స్టవ్ ఎడమ పక్కన ఉండనీయకండి. డాక్టరు చెప్పేవరకు బండి నడపనీయకండి.

7. రోడ్డు దాటడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన దేశంలో బండ్లు రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తాయి. అందువలన రోడ్డు దాటేటప్పుడు మొదటి సగంలో బండ్లు కుడి నుండి వస్తాయి, రోగి చూసుకుని దాటుతాడు. డివైడరు దాటాక బండ్లు ఎడమ నుండి వస్తాయి. అక్కడ రోగికి రోడ్డంతా ఖాళీగా ఉన్నట్టే తోస్తుంది. హైటెక్ సిటీ వంటి వెడల్పు రోడ్లపై ఇది ప్రాణాపాయము. "సగం రోడ్డు చక్కగా దాటాడు గదా" అని చెయ్యి వదలకండి. మీరు ఎప్పుడూ ఆయన ఎడమ పక్కనే నడవండి.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళలో మనిషిని పెట్టుకుంటే, ఈ ఏడు మాటలు కాగితంపై వ్రాసి గోడకు అంటించండి. చూసుకునే మనిషి మారినా పద్ధతి మారకూడదు.

చాలామందిలో మొదటి మూడు నెలల్లో మంచి మెరుగు కనిపిస్తుంది. కొందరిలో ఏడాది తర్వాత కూడా లోపం మిగులుతుంది. రెండవ పక్షవాతం రాకుండా బి.పి., షుగరు అదుపులో ఉంచండి, పొగాకు మానిపించండి. మూతి వంకరపోవడం, చెయ్యి జారిపోవడం, మాట తడబడడం కనిపిస్తే వెంటనే 108కు ఫోన్ చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. దెబ్బతినకుండా కాపాడుకున్న మెదడుకు ఏ ప్రేరణా అక్కరలేదు.

తిరిగి జ్ఞాపకం చేసుకొనుటకు

ఇంట్లో అందరూ కలిసి కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పండి.

1. ఎడమ పక్క చూడని రోగిని "మొండివాడు" అనడం ఎందుకు సరికాదు?
2. జబ్బు కుడి మెదడులో ఉంటే ఎడమ మెదడుకు ప్రేరణ ఎందుకిస్తారు?
3. ప్రేరణ చికిత్సకు ముందు డాక్టరుకు చెప్పవలసిన సంగతులేవి?
4. రోడ్డు దాటేటప్పుడు రోగికి ఏ సగం ప్రమాదకరం?

ఈసారి మీ ఇంటి పెద్దాయన కంచంలో కూర సగం వదిలేసి మళ్ళీ కూర అడిగితే విసుక్కోకండి. కంచం తిప్పండి, ఎడమ పక్కన కూర్చోండి, తర్వాత మా దగ్గరకు తీసుకురండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్